పెనుకొండ చెరసాల, లేపాక్షి గోడ

క్రీ.శ. 1535 ప్రాంతమున గుఱ్ఱముల బేరమునకై విజయనగరమునకు వచ్చి మూడేండ్లచ్చట మసలిన ఫెర్నావ్ నూనిజ్ అను పోర్చుగీసు వర్తకుడు, తాను కన్నదియు విన్నదియు కలిపి వ్రాసిన వృత్తాంతములో, రాజకుటుంబమున జరిగిన యొక మరణమును గూర్చి చిన్న కథ యొకటి చెప్పియున్నాడు. కృష్ణదేవరాయలు తాను జీవించియుండగనే ఆఱేండ్ల కుమారుని సింహాసనమున కూర్చుండబెట్టి ఎనిమిది నెలలు ఉత్సవములు జరిపించెననియు, ఆ యుత్సవముల నడుమనే బాలుడు జబ్బుపడి మరణించెననియు, మహామంత్రి తిమ్మరుసు కుమారుడే విషము పెట్టెనని రాయలు పిమ్మట విని, నమ్మి, మంత్రిని నిండు కొలువున నిందించి సకుటుంబముగా చెరబెట్టించెననియు, కొడుకులలో నొకడు చెర తప్పించుకొని కొండకోట కెక్కి తిరుగబడగా వానిని పట్టి తెప్పించి, తిమ్మరుసునకును అతని వారికిని కన్నులు తీయించెననియు ఆ కథ. బ్రాహ్మణుని చంపుట ఆ దేశాచారము కాదు గనుక ప్రాణము మిగుల్చు శిక్ష వేసిరని కూడ ఆ వర్తకుడే కారణము చెప్పును. తిమ్మరుసు చెరలోనే కన్నుమూసెనట.

ఈ వృత్తాంతము పారిస్ గ్రంథాలయపు వ్రాతప్రతులలో మూడు శతాబ్దములకు పైగా మఱుగుపడి యుండి, 1897లో డేవిడ్ లోపెష్ ప్రయత్నమున లిస్బన్ నగరమున అచ్చుపడెను. బళ్ళారికి కలెక్టరుగా నుండిన రాబర్ట్ సూయల్ దానిని ఇంగ్లీషులోనికి మార్చి 1900లో తన విజయనగర చరిత్రతో కూర్చి ప్రకటించిన పిమ్మటనే మన పండితుల కది తెలియవచ్చెను. పెనుకొండ ప్రజలు మాత్రము, నూనిజ్ పేరైన విననివారు సైతము, తమ యూర నున్న యొక రాతి మండపమును తిమ్మరుసు సమాధి యని చూపుదురు. అప్పాజీ యని తాము పిలుచుకొను ఆ తిమ్మరుసును బంధించినది తమ కోటలోనే యని చెప్పుకొందురు. వర్తకుడు చెరసాల యనునే గాని అది పెనుకొండ యని స్పష్టముగా చెప్పడు. ఒక పిల్లవాని మరణము, ఒక ముసలి మంత్రి, ఒక రాజాగ్రహము, పేరు చెప్పని యొక చెఱ, పేరు మఱువని యొక ఊరు. చారిత్రక రహస్య నవలకు ఇంతకన్న సామగ్రి ఏమి కావలెను?

అయినను అట్టి నవల మనకు లేదనియే చెప్పవలెను. గతకాలమును ఆవరణముగా గ్రహించి, అందొక అపరాధమును నిలిపి, ఆ కాలపు మనుష్యుల చేతనే, ఆ కాలపు సాక్ష్యములతోనే దాని మర్మమును విప్పించు నవలను చారిత్రక రహస్య నవల యందురు. ఇందు చరిత్రయు పరిశోధనయు రెండును సమముగా నుండవలెను. తెలుగున ఈ రెండింటికిని వేఱువేఱు సంసారము లేర్పడినవి. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి నవలల పోటీలు పెట్టి, పూర్వవైభవ జ్ఞానమును జనులకు కలిగించుట చారిత్రక నవల పని యని నిర్ణయించినట్లు నడిచెను. ఆ దారిని నోరి నరసింహశాస్త్రియు, అడివి బాపిరాజును, విశ్వనాథ సత్యనారాయణయు తమ తమ శక్తికొలది విస్తరించిరి. ఇంకొకవంక వంగదేశపు డిటెక్టివు కథల అనువాదములు వచ్చినవి, దేవరాజు వేంకటకృష్ణారావు 'వాడే వీడు' వచ్చెను, కొంతకాలమునకు కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ ఇంటింటి మనుష్యు డాయెను. మొదటి తెగ పుస్తకములు గ్రంథాలయపు బీరువాలలో గౌరవముతో నిలిచినవి. రెండవ తెగవి రైల్వే పుస్తకాంగళ్ళలో అమ్ముడై, ఇటు గుంతకల్లు, అటు బెంగళూరు, మఱియొక వంక పాకాల పోవు రైళ్ళు కలిసికొను ధర్మవరము వంటి కూడళ్ళలో చేతులు మాఱి, చివరకు అట్టలు లేనివై అద్దె పుస్తకముల దుకాణము చేరినవి. మొదటి తెగను చదివితినని నలుగురిలో చెప్పుకొనిన పాఠకుడే రెండవ తెగను తలగడ క్రింద దాచుకొనెను. ఈ పరువు పట్టింపే ఆ రెండు తెగలకు వియ్యము పొసగనీయలేదని నా యభిప్రాయము.

ఇంకొక కారణము కూడ కలదు. విజయనగరమును తలచుకొనునప్పుడు మనవారికి ముందుగా వచ్చునది కన్నీరు. పెనుకొండలో పెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యులు బాల్యముననే 'పెనుగొండలక్ష్మి' కావ్యమును వ్రాసిరి. ఆ పుస్తకమే పిమ్మట వారు కూర్చున్న విద్వాన్ పరీక్షకు పాఠ్యముగా వచ్చెననుట ఆ ప్రాంతమున నేటికిని ముచ్చటగా చెప్పుకొను సంగతి. కొడాలి వేంకట సుబ్బారావు 'హంపీ క్షేత్రము' వ్రాసిరి. బళ్ళారిలో వకీలుగా నుండిన కోలాచలం శ్రీనివాసరావు ఆ రాజ్యపతనమును నాటకముగా కట్టగా, అందు బళ్ళారి రాఘవ పఠాను వేషము ధరించి ప్రేక్షకులను కలచివైచెను. ఇవి యన్నియు గొప్పవే. అయితే ఇవి విలాపములు. శిథిలమును చూచి శోకించుటయు, శిథిలమును చూచి ఇది ఎవరిచేత, ఎందులకు, ఏనాడు కూలెనని అడుగుటయు వేఱు వేఱు పనులు. మనము మొదటి పనిలో ఆరితేఱితిమి, రెండవదానిని శాసన పరిశోధకులకు వదలితిమి.

వదలకుండిన ఎట్లుండునో చూపిన పుస్తకము 1951లో ఇంగ్లండున వచ్చెను. జోసెఫిన్ టే అను నామె వ్రాసిన 'ది డాటర్ ఆఫ్ టైమ్' నవలలో గ్రాంట్ అను పోలీసు అధికారి కాలు విరిగి ఆసుపత్రి మంచమున పడియుండి, ప్రొద్దు పోక, మూడవ రిచర్డు రాజు చిత్రపటమును చూచి, ఇంత నెమ్మదియైన మొగము గలవాడు తన యన్న కొడుకుల నిద్దరిని లండను కోటలో చంపించెనా యని సందేహించును. అంతట మంచము మీదనుండియే పాత పుస్తకములను తెప్పించుకొని, ఈ కథను మొదట చెప్పినదెవరు, వాడు కన్నదా విన్నదా, ఆ కథవలన లాభము పొందినవారెవరు అని పోలీసు పద్ధతిలో ప్రశ్నించుకొనుచు పోవును. రిచర్డును దించి రాజ్యమునకు వచ్చిన ట్యూడరుల కాలముననే ఆ యపవాదము వేళ్ళూనెనని తేల్చును. ఆ తీర్పును చరిత్రకారు లందఱు నంగీకరింపలేదు. ఆ రాజుపై నామెకు గల పక్షపాతము నాకును కనబడుచునే యున్నది. కాని పుస్తకము మూసిన తరువాత పాఠకుడు మఱి యే చరిత్ర గ్రంథమునైనను మునుపటి యమాయకత్వముతో చదువలేడు. హిందూపురములోనో ధర్మవరములోనో ఎవరైన చారిత్రక రహస్య నవల యొకటి చెప్పుమనిన, నేను మొదట చెప్పునది ఇదియే. అక్కడ కోటలో రాకుమారులు, ఇక్కడ సింహాసనముపై రాకుమారుడు. పోలిక చేతికందునంత దగ్గఱ నున్నది.

గ్రాంట్ పద్ధతిని మన వ్యాజ్యమునకు పట్టించి చూతము. మొదటి సంగతి: నూనిజ్ విజయనగరమునకు వచ్చునప్పటికి ఆ ఘటన జరిగి పదేండ్లు గడచినది, రాయలు పోయి అచ్యుతరాయలు ఏలుచున్నాడు. ఇతడు చెప్పునది విన్నమాట. రెండవది: తిమ్మరుసును పట్టుకొనుటకు రాయలు ఆ సమయమున గుఱ్ఱములతో వచ్చియున్న పోర్చుగీసువారి సాయము కోరెనని ఇతడే చెప్పుచున్నాడు. అనగా సాక్షి, బంధించినవారి పక్షపువాడు. తనవారు చేసిన పనికి న్యాయమున్నదని చెప్పుటలో వానికి కొంత యక్కఱ కలదు. మూడవది: విషప్రయోగ వార్తను రాయల చెవిని వేసిన దెవరో ఆ కథలో లేదు. అపరాధ పరిశోధకు డెవడైనను మొట్టమొదట ఆ పేరునే యడుగును.

నాలుగవ సంగతి నాకు మిక్కిలి ముఖ్యముగా తోచును. ఈ నూనిజే, ఇంతకు ముందు పుటలలో, రాయల యన్న వీరనరసింహుడు మరణశయ్యపై నుండి తన బిడ్డకు రాజ్యము నిలుచుటకై తమ్ముని కన్నులు పెఱికించి తెమ్మని తిమ్మరుసును ఆజ్ఞాపించెననియు, తిమ్మరుసు యువకుడైన కృష్ణరాయని దాచి, ఒక మేక కన్నులు తీయించి తెచ్చి చూపెననియు చెప్పియున్నాడు. ఎవని కన్నులను మంత్రి కాపాడెనో వాడే మంత్రి కన్నులను తీయించెను! కథగా ఎంత చక్కగా నమరినదో చూడుడు. సాక్ష్యముగా చూచిన అంత చక్కదనమే సందేహమునకు కారణము. లోకములో జరుగు సంగతు లింత పొందికగా జరుగవు. పదిమంది నోళ్ళలో పడి దొర్లిన కథలే ఈ నునుపు తేలును. రెండింటిలో ఒకటి నిజమై రెండవది దాని నీడగా పుట్టియుండవచ్చును. రెండును అంగడి మాటలే కావచ్చును.

మన వైపు సాక్ష్యమునకు వచ్చితిమా, మదుర నాయకుల కాలమున పుట్టిన 'రాయవాచకము' అప్పాజీ నీతిని కొనియాడుటకే పుట్టెనా యనునట్లుండియు అతని పతనమును గూర్చి పలుకదు. జనులు చెప్పుకొను రాయలు–అప్పాజీ కథలలో, ఒక్క పోలికగా నున్న మూడు బొమ్మలలో మేలైనదేదో చెప్పుమని పరరాజు పంపగా, అప్పాజీ చెవులలో పుల్ల దూర్చి, ఒకదానిలో పుల్ల ఆవలి చెవినుండియు, ఒకదానిలో నోటినుండియు వెలువడగా, కడుపులోనికి పోయి నిలిచినదియే మేలైన బొమ్మ యని తేల్చెను. అనగా తెలుగువారి జానపద పరిశోధకుడు, మన యుగంధరునికి ముత్తాత, ఈ తిమ్మరుసే. ఇతరుల రహస్యములను విప్పినవాడు తన మీది యభియోగమును విప్పుకొనలేక పోయెనను వింత ఏ నవలాకారునికి దొరకును? 1962లో వచ్చిన 'మహామంత్రి తిమ్మరుసు' చలనచిత్రము, గుమ్మడి నటన బలమున, మంత్రిని నిర్దోషిగా తీర్పు చెప్పించెను. తీర్పు నాకు సమ్మతమే గాని, చిత్రమున మనకు కుట్రను ముందే చూపుదురు. విచారించు పని ప్రేక్షకునికి మిగులదు.

ఇక లేపాక్షి. హిందూపురమునకు తూర్పుగా తొమ్మిది మైళ్ళ దూరమున, అచ్యుతరాయల కాలమున పెనుకొండ సీమలో అధికారము వహించిన విరూపణ్ణయు అతని సోదరుడు వీరణ్ణయు కట్టించిన వీరభద్రాలయము కలదు. వెలుపల నిరువదియేడడుగుల పొడవు గల ఏకశిలా నంది, లోపల నేలను పూర్తిగా తాకని స్తంభము, పైకప్పున వర్ణచిత్రములు, వెనుక అసంపూర్ణముగా నిలిచిన కల్యాణమండపము. రాజు దేశమున లేని సమయమున విరూపణ్ణ బొక్కసపు ధనమంతయు ఆలయమునకు వెచ్చించెననియు, తిరిగివచ్చిన రాజు కన్నులు తీయింపుమనగా, ఆ యవమానము సహింపక తన కన్నులు తానే పెఱుకుకొని గోడకు కొట్టెననియు స్థలకథ. ఆ గోడ మీద రెండు ఎఱ్ఱని మచ్చలను మార్గదర్శకుడు వ్రేలితో చూపును. చూడవచ్చిన బడిపిల్లలలో ఒకడు తప్పక దగ్గఱకు పోయి తాకి తన వ్రేలిని చూచుకొనును, అంటుకొన్నదేమియు నుండదు.

పెనుకొండకును లేపాక్షికిని అట్టే దూరము లేదు. ఆ రెండింటి రాజోద్యోగులను గూర్చియు, ఇరువది యేండ్ల లోపల, కన్నులు పోయిన కథలే నిలిచినవి. ఇది గమనించిన పాఠకుడు గోడను వదలి తల పైకెత్తి చూడవలెను. కప్పున, ఎఱ్ఱని నేపథ్యమున, నల్లని సన్నగీతలతో చిత్రించిన రాజపురుషులు పొడవైన కుళ్ళాయిలు ధరించి, ఒకవైపు మొగములతో, చెవులదాక సాగిన కన్నులతో నిలిచియున్నారు. ఆలయనిర్మాతలైన అన్నదమ్ములును పరివారముతో భక్తి వినయములతో అందు కనబడుదురు. ఇంకొక చోట మనునీతి చోళుని కథ చిత్రించిరి: కుమారుని రథము క్రిందపడి దూడ చావగా, తల్లియావు వచ్చి ధర్మగంట మ్రోగించుటయు, రాజు తన కుమారునికే ఆ శిక్ష విధించుటయు. బొక్కసము దొంగిలించిన యధికారి తన గుడి కప్పుమీద పక్షపాతము లేని న్యాయమును గూర్చిన కథ వ్రాయించుకొనునా? వ్రాయించుకొనవచ్చును, మనుష్యులు చిత్రమైనవారు. కాని నేను వకీలునైన ఆ చిత్రమును న్యాయస్థానమున చూపక మానను.

శాసనములు దానములను చెప్పును, దండనను చెప్పవు. మండపము నిలిచిపోయినందుకు కారణము వెదకుటకు కన్నులదాక పోనక్కఱలేదు: 1542లో అచ్యుతరాయలు చనిపోగా, బాలుడైన అతని కుమారుని చంపి సలకరాజు తిరుమలుడు సింహాసన మాక్రమించుటయు, అళియ రామరాజు వానిపైకి దండెత్తుటయు చరిత్ర. అట్టి కాలమున ఎన్ని సుత్తులు ఆగిపోయినవో! మరణించినది మరల నొక బాలుడే యని పాఠకుడు గుర్తించునుగాక. 1565లో విజయనగరము ఓడిన రక్కసి–తంగడి యుద్ధము తరువాత రామరాజు తమ్ముడు తిరుమలరాయలు ధనరాసులతో పెనుకొండకు చేరెననుటయు, రెండేండ్లకు ఆ దారిని పోయిన వెనీసు వర్తకుడు ఫెడెరిచి రాజపరివారము పెనుకొండకు తరలెనని వ్రాయుటయు నిజమే. ఆ ధనమే నేటికిని ఈ కొండలలో నున్నదని నమ్మి, నంది విగ్రహముల వీపులు పగులగొట్టి గుప్తనిధులకు త్రవ్వువారి యపరాధమును విచారించుటకు మాత్రము నవల అక్కఱలేదు, పోలీసు ఠాణా చాలును. నిధి పటములతో నవలలు వ్రాయువారు ఈ పగిలిన నందులను ఒకసారి చూచి వ్రాయుట మంచిది.

మంచి చారిత్రక రహస్య నవల లక్షణమేమని నన్నడిగిన, సాక్ష్యమును దాచకుండుట యని చెప్పుదును. ధర్మవరపు నేతగాడు చీరకు అంచు నేయునప్పుడు ఆ రంగు పోగులు పడుగులో మొదటినుండియు అందఱి కన్నులయెదుటనే యుండును. ఎఱుగనివానికి అవి పోగులు, ఎఱిగినవానికి అంచు. నవలలో ఆధారములు అట్లుండవలెను. ఈ కొలతకు కొన్ని పుస్తకములు నిలుచును. అగాథా క్రిస్టీ 1944లో ప్రాచీన ఈజిప్టును రంగముగా చేసి వ్రాసిన 'డెత్ కమ్స్ యాజ్ ది ఎండ్', ఇంటిలోని కలహములను నాలుగువేల యేండ్ల వెనుకకు తీసికొనిపోయినను, ఎవరి మనసులో నేమున్నదో మాటలలోనే చూపుచు పోవును. హాలెండు దేశపు రాయబారి రాబర్ట్ వాన్ గూలిక్, పాత చీనా పరిశోధన కథనొకదానిని ముందు అనువదించి, ఆ మెలకువ పట్టుబడిన పిమ్మట న్యాయాధికారి డీ కథలు తానే కల్పించెను. ఈ క్రమము మనవారికి మిక్కిలి పనికివచ్చును. ఉంబెర్తో ఎకో 'ది నేమ్ ఆఫ్ ది రోజ్' గొప్పది. అయితే దానిని క్రొత్తవారికి మొదటి పుస్తకముగా చెప్పరాదు, నూఱు పుటలు దాటుటకు ఓపిక వలయును.

మనకు దగ్గఱి వారిలో వంగీయుడు శరదిందు బందోపాధ్యాయుని చదువక తప్పదు. వ్యోమకేశుని పరిశోధన కథలను వ్రాసిన చేతితోనే ఆయన రెండవ దేవరాయల విజయనగరమును గూర్చి 'తుంగభద్రార్ తీరే' వ్రాసెను. రెండు విద్యలును ఒక్కనియందే యుండియు, ఆయన వానిని వేఱువేఱు గదులలోనే ఉంచెను. తెలుగున బాపిరాజు 'హిమబిందు'లో విషకన్యను ప్రవేశపెట్టి కుట్రను నడిపెను. 'గోన గన్నారెడ్డి'లో గజదొంగ యనుకొన్నవాని నిజ స్వరూపమును చివరిదాక తేలనీయక నిలిపెను. ఇవి రహస్య నవలలు కావు గాని ఆ వాసన గలవి. పైగా ఈ బాపిరాజు లేపాక్షి బసవన్నపై పాట కట్టినవాడు. ఈ ప్రాంతమువారు ఆయనను మనవానిగా చదువుకొనవచ్చును. అపరాధము మోపబడిన నిర్దోషి దుఃఖము కావలెనన్నవారు, ధర్మవరమున పుట్టి బళ్ళారిలో సరసవినోదినీ సభను నడిపిన ధర్మవరము రామకృష్ణమాచార్యుల 'విషాద సారంగధర'ను తీయవలెను: సవతితల్లి అబద్ధపు మాట నమ్మి తండ్రి కుమారుని కాలుసేతులు నఱికించిన ఆ కథలో, విచారణ లేని తీర్పు ఎంతదూరము పోవునో కానవచ్చును.

నవలలతో పాటు చదువవలసిన కథేతర గ్రంథములు మూడు. సూయల్ పుస్తకమున నూనిజ్ వృత్తాంతము పూర్తిగా నున్నది. 1919లో ఎస్. కృష్ణస్వామి అయ్యంగారు విజయనగర చరిత్రకు ఆధారములైన కావ్యభాగములను ఒకచోట చేర్చిరి. 1946లో నీలకంఠశాస్త్రి, నేలటూరి వేంకటరమణయ్య గారలు వానికి పొడిగింపును సమకూర్చిరి. నవల చదివి, ఈ మూడింటిలో సంబంధించిన పుటలు త్రిప్పి, మరల నవలకు వచ్చు పాఠకునికి ఒక్క పుస్తకమే రెండు పుస్తకము లగును. ఇంకొకరికి పుస్తకము చెప్పునప్పుడు చివరి పుట సంగతి చెప్పరాదని వేఱుగ చెప్పనక్కఱలేదు గదా. చరిత్ర విషయమున మాత్రము ఆ నియమము చెల్లదు, అందఱికిని ముగింపు ముందే తెలియును, తెలియనిది త్రోవ.

ఇంతవఱకు వచ్చినందున నా తీర్పును దాచుకొనుట న్యాయము కాదు. విరూపణ్ణ విషయమున అభియోగమే నిలువదు. గోడ మీది మచ్చ సాక్ష్యము కాదు. తిమ్మరుసు విషయమున మరణము నిజము, చెఱ నిజమే కావచ్చును, విషము మాత్రము ఋజువు కాలేదు. సమాచారము చెప్పినవాని పేరు లేని యభియోగముపై ఏ న్యాయస్థానమును శిక్ష వేయరాదు. ఇందుకు భిన్నముగా తలచు పెనుకొండ యువకు లెవరైన నున్నచో వాదముతో గాక నవలతో ఉత్తరమీయవలెనని వారికి నా మనవి.